కాన్పుల వార్డుకు క్లాసు

నన్ను ‘ట్రైనింగ్ మేడం’ అని పిలవడం మొదలైన కొద్ది రోజులకే క్యాంటీన్‌లో నా పక్క కుర్చీలు ఖాళీ అయిపోయాయి. ఎవరూ నాతో పోట్లాడలేదు, ముఖం తిప్పుకోలేదు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి, అప్పుడే తినడం అయిపోయినట్టు లేచేవారు, అంతే. సగం అన్నం ఉన్న డబ్బాల మీద గబగబా మూతలు పడటం నేను చూస్తూనే ఉండేదాన్ని.

ఇది చదివేవాళ్ళలో ఆసుపత్రుల్లో కొత్తగా ట్రైనింగ్ ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఉండొచ్చు. సెషన్ ఎలా మొదలుపెట్టాలి, ఎలా ముగించాలి అన్నది మీకు ఎవరైనా నేర్పుతారు. కాని ఆ గదిలో అందరూ కలిసి కూర్చుంటారనీ, ఒక్కరే నిలబడతారనీ, ఆ ఒక్కరూ మీరేననీ ముందుగా ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

నేను నర్సుని. గుంటూరు వైపు చదువుకుని, ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ దిగే దారిలో ఉన్న ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడే రిటైరయ్యాను. దాన్ని పెట్టింది ఒక డాక్టర్ల జంట. ఆయన ఎముకల డాక్టరు, ఆవిడ కాన్పుల డాక్టరు. ఫైట్లలో కాళ్ళు విరిగినవాళ్ళు, డాన్సుల్లో మోకాళ్ళు పట్టేసినవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆవిడ దగ్గరికి నల్లద్దాల కార్లలోనూ వచ్చేవారు, కృష్ణానగర్ నుంచి ఆటోల్లోనూ వచ్చేవారు. నాలుగో అంతస్తు మొత్తం కాన్పుల వార్డే. లైట్‌మన్ల భార్యలు, గ్రూపు డాన్సర్లు, కాస్ట్యూములు కుట్టే ఆడవాళ్ళు అక్కడే పురుడు పోసుకుని, ఇవ్వగలిగింది ఇచ్చి వెళ్ళేవారు. ఆవిడను మేమందరం పెద్ద డాక్టరమ్మ అనేవాళ్ళం.

ఆయన పోయాక ఆవిడ కొన్నాళ్ళు ఒక్కతే నెట్టుకొచ్చి, చివరికి ఆసుపత్రిని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. కింది అంతస్తులో కన్సల్టేషన్‌కి ఒక గది మాత్రం తనకు ఉంచుకున్నారు.

కంపెనీ తరఫున మాకు యూనిట్ హెడ్‌గా వచ్చినవాడు నా మేనల్లుడి ఈడువాడు. రాజమండ్రి వైపు కుర్రాడు, పెద్ద చదువు చదివాడు, మర్యాదస్తుడు. వచ్చిన కొత్తలోనే నన్ను గదికి పిలిపించి టీ తెప్పించాడు.

“మేడం, ఆసుపత్రి చాలా మారబోతోందండి. కేస్ షీట్లన్నీ ట్యాబ్‌లోకి వస్తాయి, డ్యూటీలు మారతాయి, యూనిఫాం మారుతుంది. స్టాఫ్‌ని ముందే ప్రిపేర్ చేయాలి. గ్రూపులుగా పిలిచి సెషన్స్ పెడదాం. బయటివాళ్ళు చెబితే వినరు. మీరు వాళ్ళ మనిషి కదా.”

నా మోకాళ్ళు అప్పటికే వార్డు డ్యూటీకి మొరాయిస్తున్నాయి. పైగా ‘వాళ్ళ మనిషి’ అన్న మాట నాకు ముద్దుగా వినిపించింది. ఒప్పుకున్నాను.

“ఉద్యోగాలు పోతాయా సార్? అందరూ మొదట అడిగేది అదే,” అన్నాను.

“ఏదీ పోదండి. పద్ధతులు మారతాయి, అంతే. అదే చెప్పండి.”

అదే చెప్పాను. పై అంతస్తులో చిన్న హాలు ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే బండరాళ్ళు, వాటి మధ్య మేడలు, వాటి మీద కొత్త సినిమాల హోర్డింగులు కనిపించేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో విభాగాన్నీ పిలిచేవాళ్ళం. తెర మీద వేయమని కంపెనీవాళ్ళు పంపిన బొమ్మల్లో మొదటిది గొంగళిపురుగు, చివరిది సీతాకోకచిలుక. మధ్యలో ఆటలు. అందులో ఒకటి చేతులు కట్టుకునే ఆట. అందరినీ చేతులు కట్టుకోమనాలి. తరవాత ఏ చెయ్యి పైన ఉందో చూసుకుని, దాన్ని కిందికి మార్చి కట్టుకోమనాలి. ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు నేను, “చూశారా, మార్పు మొదట ఇలాగే ఇబ్బందిగా ఉంటుంది, తరవాత అలవాటవుతుంది,” అనాలి.

మొదటి సెషన్‌లోనే హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒకావిడ, “ఎటు కట్టుకున్నా చేతులు కట్టుకునుడే గద మేడం,” అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నేను ఒక్కదాన్నే ఎదుటి పక్షంలో ఉన్నానన్నది నాకు ఇంటికి వెళ్ళాక గానీ తెలియలేదు.

వార్డ్‌బాయ్‌లలో ఒకతను ఉండేవాడు. పేరుకే బాయ్, నడివయసు మనిషి. కుర్రతనంలో సినిమాల మీద మోజుతో పాలమూరు నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, చాలా ఏళ్ళు జూనియర్ ఆర్టిస్టుగా చేసినవాడు. సెషన్ ఆటల్లో రోగి వేషం ఎవరు వేస్తారని నేను అడిగితే చెయ్యి ఎత్తేవాడు. కుర్చీలో కూలబడి అతను మూలిగితే నిజం నర్సులు కంగారుపడేవారు. ఒకసారి సెషన్ అయ్యాక కుర్చీలు సర్దుతూ తన పాత కబుర్లు చెప్పాడు.

“మంది సీను అంటే ఏందనుకున్నవ్ మేడం? ఎండల నిలబెడ్తరు. ఒకడు మైకుల ‘ఉరకండ్రి’ అంటడు. ఉరుకుతం. ఎనకాల హీరో వస్తుండా, పులి వస్తుందా చెప్పరు. నవ్వుకుంట ఉరకాల్నో ఏడ్చుకుంట ఉరకాల్నో సుత తెల్వది. నేనైతే సగం నవ్వి సగం ఏడుస్తుంటి.”

నేను పడీపడీ నవ్వాను. ఆ నెలలో అంతగా నవ్వింది అప్పుడే.

ఎందుకంటే నాతో రోజూ నవ్వే మనిషి అప్పటికే దూరం జరిగింది. ఆమె కాన్పుల వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు. టోలిచౌకిలో పుట్టి పెరిగిన మనిషి. మేమిద్దరం కొద్ది రోజుల తేడాతో చేరాం. నాకంటే కాస్త పెద్దదాన్నన్న ధీమాతో మొదటి రోజే నన్ను “పిల్లా” అని పిలిచింది, నా జుట్టు నెరిశాక కూడా అలాగే పిలిచేది. ఉద్యోగమంతా ఒకే బల్ల దగ్గర తిన్నాం. నా గోంగూర తింటూ, “మీ ఆంధ్రోళ్ళకు నాలుక ఉంటదా, కాలిపోతదా?” అని తిడుతూ మళ్ళీ వేయించుకునేది. నేను పెళ్ళి చేసుకోలేదు. చెల్లెళ్ళను స్థిరపరచి, శ్రీనగర్ కాలనీలో ఒక మేడ మీద పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నాకు జ్వరం వస్తే తలుపు కొట్టేది ఆమే.

సెషన్లు మొదలయ్యాక ఆమె కూడా ఒకరోజు డబ్బా మీద మూత పెట్టింది.

“నువ్వు కూడానా?” అన్నాను.

“నువ్వు పొద్దుగూకులు ఆ సారు రూముల కూసుంటున్నవు పిల్లా. నీ ముందట మాట్లాడాలంటే మా పిల్లలకు భయమైతుంది. నేను వాళ్ళ పెద్దను గద, నేనొక్కదాన్ని నీ పక్కన కూసుంటే ఎట్లుంటది?”

ఆమె అన్నది న్యాయమే. నాకు కొత్త ఐడీ కార్డు ఇచ్చారు, దాని తాడు రంగు వేరు. అది మెడలో ఉన్నంతసేపూ నేను ఎటు నడిస్తే అటు మాటలు ఆగిపోయేవి. అటు మేనేజ్‌మెంట్ మీటింగుల్లోనూ అంతే. నన్ను కూర్చోబెట్టి, అసలు సంగతి వచ్చేసరికి, “మేడం, మీరు ఇక వెళ్ళొచ్చండి,” అనేవారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మర్నాటి సెషన్‌కి అద్దం ముందు తయారయ్యేదాన్ని. చేతులు ఎలా ఆడించాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ నవ్వాలి. ఒక రోజు తలుపు తెరిచే ఉంది. కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, “చుట్టాలొచ్చారా అండీ, మాటలు వినిపిస్తుంటేనూ,” అంది. లేదన్నాను. ఆవిడ నా వంకా అద్దం వంకా చూసి దిగి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో రోజంతటికీ పైకి వినిపించే మాటలు, రాని జనానికి నేను చెప్పే “గుడ్ ఆఫ్టర్‌నూన్” ఒక్కటేనని అప్పుడు తట్టింది.

అన్ని విభాగాలూ అయ్యాయి. కాన్పుల వార్డును మాత్రం వాయిదా వేస్తూ వచ్చారు. ఎందుకో నాకు తెలియదు. అడిగితే, “వాళ్ళది లాస్ట్ పెడదాం మేడం,” అన్నాడు యూనిట్ హెడ్. చివరికి ఆ రోజూ వచ్చింది. పొద్దున నేను బ్యాగు పెట్టుకునేలోపే పిలుపు వచ్చింది.

అతను టీ తెప్పించలేదు. కూర్చోమని తలుపు దగ్గరికి వేశాడు.

“మేడం, ఇది మీకు చెప్పాలో లేదో నాకే తెలియట్లేదు. కానీ ఇవాళ మీరు వాళ్ళ ముందు నిలబడతారు కాబట్టి చెబుతున్నాను. మెటర్నిటీ తీసేస్తున్నారు. ఆ ఫ్లోర్‌లో స్కిన్ అండ్ కాస్మెటిక్ సెంటర్ వస్తుంది. ఈ ఏరియాకి అదే కరెక్ట్ అని పైవాళ్ళ లెక్క.”

“మరి ఏదీ పోదన్నారు కదండీ,” అన్నాను.

“అప్పటికి నాకు తెలిసింది అదే. అనౌన్స్‌మెంట్‌కి ఇంకా టైముంది. అప్పటిదాకా బయటికి రాకూడదు. ఇవాళ మీరు జనరల్‌గా పాజిటివ్ యాటిట్యూడ్ గురించి చెప్పి వదిలేయండి. సరేనా అండీ?”

సరే అన్నానో, తలే ఊపానో గుర్తులేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లిఫ్టు ఉన్న ఆసుపత్రిలో మెట్ల మీద ఎవరూ రారు. ఈ సంగతి చెప్పుకోడానికి నాకున్న ఒకే ఒక్క మనిషి నాలుగో అంతస్తులో ఉంది. ఆమెకే చెప్పకూడదు.

మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. డ్యూటీలో అత్యవసరమైనవాళ్ళను మాత్రం వార్డులో ఉంచి, మిగతా అందరూ వచ్చారు. సిస్టర్లు, ఆయాలు, పురుళ్ళ గది కడిగే ఆవిడ. నా స్నేహితురాలు సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. నేను గొంగళిపురుగు బొమ్మ వేశాను. చేతులు కట్టుకోమన్నాను. కట్టుకున్నారు. మార్చి కట్టుకోమన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆమె చేతులు విప్పేసింది.

“ఆటలు పక్కకు పెట్టు. ఒకటి అడుగుత, చెప్పు. మొన్న ఎవరో టేపు పట్టుకొచ్చి మా లేబర్ రూం గోడలు కొలిసిపోయిన్రు. బేబీ వార్మర్లు పాడైతే కొత్తయి ఆర్డర్ పెడ్తలేరు. మా వార్డు ఉంటదా, పోతదా?”

ఆ ప్రశ్నకు తప్పించుకునే జవాబులు నా దగ్గర చాలానే ఉన్నాయి. ‘నా స్థాయిలో ఆ సమాచారం లేదు’ అనొచ్చు. ‘అవన్నీ పుకార్లు’ అనొచ్చు. అద్దం ముందు అలాంటివన్నీ అలవాటు చేసుకున్న నోరే అది. కాని అందరూ నా నోటివంక చూస్తున్నారు. చిన్న సిస్టరొకామె, కొత్తగా పెళ్ళయిన పిల్ల, ఇంకా చేతులు కట్టుకునే ఉంది, విప్పమని నేను చెప్పలేదు కాబట్టి.

“పోతుంది,” అన్నాను. “ఆ అంతస్తులో ఇక కాన్పులు ఉండవు. చర్మానికి, అందానికి సంబంధించిన సెంటరు పెడతారట. ఎప్పుడన్నది నాకు తెలియదు. మీకు చెప్పొద్దన్నారు. చెబుతున్నాను.”

అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. పురుళ్ళ గది కడిగే ఆవిడ మాత్రం పక్కావిడను, “ఏమంటున్నది? ఏమంటున్నది?” అని అడిగింది. ఆ పక్కావిడ చెప్పలేకపోయింది.

సరిగ్గా అప్పుడు వార్డు నుంచి ఫోను. నొప్పులు ముదిరిపోయిన మనిషిని ఆటోలో తీసుకొచ్చారు, టైం లేదు, మనుషులు చాలరు. నా స్నేహితురాలు లేచింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు లేచారు. ఒక్క క్షణం ముందు తమ వార్డు లేదని విన్నవాళ్ళు, అది ఎప్పటికీ ఉంటుందన్నట్టే పరిగెత్తారు. నేనూ వెనకే వెళ్ళాను. మోకాళ్ళ సంగతి గుర్తుకురాలేదు.

వచ్చిన అమ్మాయి గ్రూపు డాన్సరు. తొలి కాన్పు. భర్త ఎక్కడో అవుట్‌డోర్ షూటింగులో లైట్లు పడుతున్నాడు. పక్కింటావిడ తోడు వచ్చింది. డ్యూటీ డాక్టరు గ్లౌజులు తొడుక్కుంటోంది. నా స్నేహితురాలు నన్ను చూసి, “గాడ నిలబడి ఏం చూస్తున్నవు? ఆ పిల్ల చెయ్యి పట్టుకో,” అంది. పట్టుకున్నాను. ఆ అమ్మాయి నా వేళ్ళు విరిగేలా పిసికింది. ఆ కొద్దిసేపూ నేను ఎవరి మనిషినన్న ప్రశ్నే రాలేదు. చాలా కాలం తరవాత నా చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపకుండా నా ముందే మాట్లాడుకున్నారు.

బిడ్డ బయటికి వచ్చింది కాని ఏడవలేదు. ఒళ్ళు నీలంగా, మెత్తగా ఉంది. స్నేహితురాలు బిడ్డ నోట్లో, ముక్కులో తెమడ తీస్తూ, నా వైపు చూడకుండానే, “బట్ట తియ్యి, వీపు రుద్దు. గట్టిగ,” అంది. రుద్దాను. చేతులు ఆ పని ఎప్పుడో నేర్చుకున్నవే. బిడ్డ ఒకసారి వణికి, దగ్గి, ఆ తరవాత ఆ అంతస్తు అదిరేలా ఏడ్చింది. ఆడపిల్ల.

తల్లిని శుభ్రం చేసి, బిడ్డను గుండెల మీద పడుకోబెట్టాక ఆ అమ్మాయి నవ్వింది. నుదుటి నిండా చెమట.

“రెండో కాన్పుకు కూడా గీడికే వస్త సిస్టర్. మీరే చెయ్యాలె,” అంది నా స్నేహితురాలితో.

ఆమె ఆ అమ్మాయి వంక కాదు, నా వంక చూసింది. తరవాత, “ముందు దీన్ని పెద్దగ చెయ్యి బిడ్డా,” అని దుప్పటి సర్దింది.

సింకు దగ్గర ఇద్దరం చేతులు కడుక్కుంటున్నాం. ఆమె కుళాయి కట్టేసి అడిగింది.

“ఎన్ని దినాల సంది తెలుసు?”

“ఇవాళ పొద్దున్నే తెలిసింది. నీ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టు పెట్టకు.” ఆమె తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. “ఇన్ని దినాలు అందరికీ ఏదీ పోదు, ఏదీ పోదు అని చెప్పుకుంట తిరిగినవు. ఆ సారుతో చాయ్ తాగినవు. మా వార్డును ఆఖర్ల పెట్టిన్రు. నీకు తెల్వకుంట పెట్టిన్రా? నమ్మమంటవా?”

“నమ్మమనే అంటున్నాను.”

“నమ్మాలనే ఉంది,” అంది. “ఐతలేదు మేడం.”

మేడం అంది. ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ముప్పై ఏళ్ళకు పైగా నన్ను పిల్లా అని పిలిచిన మనిషి అంత మర్యాదగా పిలిచేసరికి, తడి చేతులతో అలాగే నిలబడిపోయాను.

సాయంత్రంలోగా సంగతి ఆసుపత్రంతా పాకింది. మర్నాడు యూనిట్ హెడ్ పిలిచాడు. అరుస్తాడనుకుంటే, అతను అలసిపోయి ఉన్నాడు.

“మీరేం చేశారో మీకర్థమవుతోందా మేడం? పైనుంచి నాకు వరసపెట్టి ఫోన్లు.”

“అడిగారండి. అబద్ధం చెప్పలేకపోయాను.”

“అబద్ధం చెప్పమని నేనన్నానా? చెప్పొద్దన్నాను, అంతే కదా.”

“అడగనంతవరకే అవి వేరు వేరండి. అడిగాక రెండూ ఒకటే.”

బల్ల మీద అతని భోజనం పార్సిల్ విప్పకుండా ఉంది. అతను కూడా రోజూ ఆ గదిలో ఒక్కడే తింటాడని అంతకుముందే గమనించాను. “నాకూ ఈ ఊళ్ళో చెప్పుకోడానికి ఎవరూ లేరండి. అందుకే మీకు చెప్పేశాను కాబోలు,” అన్నాడు. ఆ మాట అన్నవాడే, వెంటనే కాగితాలు సర్దుకుంటూ, ఇక నుంచి సెషన్లు బయటి ఏజెన్సీ చూసుకుంటుందని, నన్ను ఆన్‌లైన్ పాఠాల పనికి మారుస్తున్నామని చెప్పాడు. ఉద్యోగం తీసేయలేదు, అందుకు అతను ఎవరితోనో వాదించాడని తరవాత విన్నాను.

ఆ పని ఏమిటంటే, ఎవరు కంప్యూటర్‌లో ఏ పాఠం చూశారో, ఎవరు చూడలేదో కనిపెట్టడం. కిటికీ లేని గది. పాఠాలు కంప్యూటరే చెబుతుంది, పరీక్ష కంప్యూటరే పెడుతుంది. నాతో మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ లేదు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

ఆ గదికి వచ్చే ఒకే ఒక్క మనిషి ఆ జూనియర్ ఆర్టిస్టు వార్డ్‌బాయ్. రెండు కప్పుల్లో చాయ్ పట్టుకొచ్చి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. పై అంతస్తుల సంగతులు నాకు అతని నోటే తెలిసేవి.

అనౌన్స్‌మెంట్ కంటే ముందే తెలియడం వల్ల కాన్పుల వార్డువాళ్ళు ఊరుకోలేదు. మర్నాడే పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళారు. ఆవిడ నివ్వెరపోయారట. అమ్మేటప్పుడు ఆ వార్డు ఉంచుతామని తనకు మాట ఇచ్చారట. వాకింగ్ స్టిక్ పట్టుకుని, సిస్టర్లందరినీ వెంటేసుకుని, ఆవిడే యూనిట్ హెడ్ గదికి వెళ్ళారు. వార్డును నిలబెట్టలేకపోయారు. కాని మెడ మీద కత్తి పెట్టినట్టు అప్పటికప్పుడు పొమ్మనకుండా గడువు సంపాదించారు. ఉండాలనుకున్న సిస్టర్లకు ఐసీయూలో, డయాలిసిస్‌లో జీతంతో పని నేర్పాలని ఒప్పించారు. అప్పటికే పేరు రాయించుకున్న గర్భిణులను కాన్పయ్యేదాకా చూడాలని పట్టుబట్టారు. చేతులు కట్టుకుని కూర్చున్న ఆ కొత్త పెళ్ళికూతురు ఇప్పుడు డయాలిసిస్‌లో ఇన్‌ఛార్జి అని విన్నాను. అందరికీ అలా కుదరలేదు. ఆయాల్లో చాలామంది పోయారు. పురుళ్ళ గది కడిగే ఆవిడ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

“గా ముచ్చట ఆఫీసోళ్ళు చెప్పేదాక ఆగితే, అందరం ఒక్కపారే రోడ్డు మీద ఉంటుండె మేడం,” అన్నాడతను ఒకరోజు. “నువ్వు చెప్పినవు గద, వచ్చేది హీరో కాదు పులి అని. ఎటు ఉరకాల్నో చూసుకునేటందుకు టైం దొరికింది.”

“ఆ మాట ఇన్‌ఛార్జి సిస్టరుతో చెప్పకపోయావా?” అన్నాను.

“చెప్పిన. ఇన్నది. ఏమనలే.”

నా స్నేహితురాలు కొత్త పని నేర్చుకోనంది. టోలిచౌకిలో తన ఇంటి దగ్గర ఒక చిన్న నర్సింగ్‌హోంలో చేరింది. మా ఆసుపత్రిలో ఆమె చివరి రోజున నేను నాలుగో అంతస్తుకి వెళ్ళాను. కారిడార్ నిండా మనుషులు, దండలు, ఫోటోలు. ఆమె నన్ను చూసింది. “మేడం వచ్చిన్రు, జర జాగా ఇయ్యున్రి,” అంది పిల్లలతో. ఫోటోలో నన్ను తన పక్కనే నిలబెట్టింది. నా భుజం మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

కొత్త సెంటరు ప్రారంభానికి ఒక పెద్ద హీరో వచ్చాడు. రోడ్డంతా జనం. మా వార్డ్‌బాయ్‌లను కూడా చప్పట్లు కొట్టడానికి నిలబెట్టారు. నేను నా గదిలో ఆ చప్పట్లు విన్నాను. అవి చాలాసేపు వినిపించాయి.

రిటైరయ్యాక శ్రీనగర్ కాలనీ పోర్షన్‌లోనే ఉన్నాను. ఉద్యోగంలో ఒంటరితనం వేరు, ఇంట్లో ఒంటరితనం వేరు. ఉద్యోగంలో జనం మధ్య ఉండి మాటలు లేకపోవడం కాబట్టి అది కుదిపేస్తుంది. ఇంట్లోది మెల్లగా అలవాటవుతుంది. పొద్దున్నే పార్కు చుట్టూ ఒక్కదాన్నే నడవడం, ఒక్కరికి సరిపడా బియ్యం పోయడం, ఫోను మోగకపోతే పాడైందేమోనని చూసుకోవడం. నా స్నేహితురాలికి చాలాసార్లు ఫోను చేద్దామనుకున్నాను. చేసి ఏం చెప్పాలి? చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, అది సింకు దగ్గరే చెప్పేశాను. దాన్ని నమ్మించే సాక్ష్యం నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఒకరోజు ఆమే చేసింది.

“మా నర్సింగ్‌హోం పెద్దగ చేస్తున్రు. కొత్త పిల్లలు చేరిన్రు, వాళ్ళకు ఏం తెల్వది, పాతోళ్ళేమో భయపడుతున్రు. క్లాసు చెప్పేటోళ్ళు కావాలె. మీరు వస్తరా?”

“నేనా?” అన్నాను. “నన్ను నమ్ముతున్నావా మరి?”

“అది అడగకున్రి. వస్తరా, రారా చెప్పున్రి.”

వస్తానన్నాను. ఆటో పట్టుకుని వెళ్ళాను. బిర్యానీ హోటళ్ళ పక్క సందులో మూడంతస్తుల ఇల్లు లాంటి నర్సింగ్‌హోం. పైన ఒక గదిలో చాపలు పరిచి పిల్లలను కూర్చోబెట్టారు. ఆమె జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను పలకరించి, మంచినీళ్ళు ఇచ్చి, గది ముందు నిలబడి వాళ్ళకు నన్ను పరిచయం చేసింది.

“ఈ మేడం దగ్గర దాసిపెట్టే మాటలుండవు. ఏది అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్తది. కాకపోతే,” అని నా వంక చూసింది, “చెప్పేసరికి జర ఆలస్యమైతది. గంతే.”

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కళ్ళు మాత్రం నా మీదే ఉంచి.

ఆ మాటలో సగం నాకు అన్యాయం. నాకు ఆ పొద్దున్నే తెలిసిందని మళ్ళీ చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. అక్కడే ఆపేశాను. ఆమె నమ్మగలిగినంత నమ్మి నన్ను పిలిపించింది, ఇక మిగతాది ఆమె ఇష్టం. నేను కూడా చాప మీద, వాళ్ళ మధ్యనే చోటు చేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

“నేను చెప్పాల్సింది తరవాత,” అన్నాను. “మీకు ఏం భయంగా ఉందో ముందు అది అడగండి.”